మన పిల్లాడి సాక్ష్యం

పంపు నీళ్లు వచ్చి ఆగిపోయాయి. ఎండలు ముదిరితే ప్రోతరాపూర్‌లో నీళ్లతో ఇదే బాధ. మేరమ్మ బిందెలు, బకెట్లు, చివరికి అన్నం వండే గిన్నె కూడా నింపుకుని, వరండాలో కూర్చుని కొబ్బరి కోరుతోంది. లోపల కోడలు లీదియా భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, జడ అల్లుకుంటూ మాట్లాడుతోంది.

"రంగత్ నుంచా అమ్మా? చెప్పండి, వింటున్నాను. మీ ఆయన పేరు చెప్పక్కర్లేదు. ఆస్పత్రిలో ఏ ఊరని కూడా ఎవరూ అడగరు. బస్సు ఛార్జీ మేమే ఇస్తాం. పక్కింటివాళ్లకి తెలుస్తుందని భయపడకండి, మా దగ్గర్నుంచి ఒక్క మాట బయటికి రాదు."

వరండాలో కొబ్బరి కోరే చప్పుడు ఆగింది.

"పరాయివాళ్ల పేరైతే గడప దాటదు" అంది మేరమ్మ, కోడలికి వినపడేంత గట్టిగానే.

లీదియా ఫోను పెట్టేసింది. జడ చివర రబ్బరు బ్యాండు బిగించుకుని టిఫిను డబ్బా అందుకుంది.

సముద్రం అడుగున కేబులు వేశాక దీవుల్లో ఇంటర్నెట్ వేగం పెరిగింది. దాని వెనకే ఫోనులో ఆడే రమ్మీ, క్రికెట్ పందేలూ వచ్చాయి. ఆ రోగం నయం చేయడానికి సర్కారు డబ్బుతో పోర్ట్‌బ్లెయిర్‌ ఆస్పత్రిలో ఒక చిన్న విభాగం పెట్టారు. డాక్టర్ని, కౌన్సెలర్లని కుదర్చడం, ఊరూరా మీటింగులు పెట్టించడం, దూరం నుంచి వచ్చేవాళ్లకి వసతి చూడడం, అన్నీ లీదియా పనులే. అందులో నయమైనవాళ్లలో ఒకడు ఆమె మరిది యిర్మియా. మేరమ్మ చిన్న కొడుకు.

యిర్మియా చదువు మీద ఇష్టం లేక వండూర్ జెట్టీలో గోవిందు అనే ఆయన దగ్గర పనికి కుదిరాడు. గోవిందుకి టూరిస్టు బోట్లున్నాయి. టికెట్ల గల్లా దగ్గర కూర్చోవడం యిర్మియా పని. ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటే మాయమవుతున్నప్పుడు కూడా గోవిందు గల్లాని మాత్రం అతను ముట్టుకోలేదు. సంగతి బయటపడ్డాక, అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్లిందీ, చేతులు వణుకుతున్న రోజుల్లో పక్కన కూర్చుందీ లీదియానే. అతను తన ఫోను తల్లి చేతికిచ్చి, మీటలు నొక్కే పాత ఫోను పెట్టుకున్నాడు. ప్రతి మంగళవారం కౌన్సెలర్ దగ్గరికి వెళ్లేవాడు.

ఇప్పుడు వెళ్లడం మానేశాడు.

"నిన్న ఫోనడిగాడు" అంది మేరమ్మ, లీదియా చెప్పులు తొడుక్కుంటుండగా.

"ఎవరు?"

"ఎవరేంటి. నీ సాక్షి."

లీదియా చెయ్యి గుమ్మం మీదే ఉండిపోయింది. "ఇచ్చారా అత్తమ్మా?"

"ఇవ్వలేదు. ఇంకెన్నాళ్లు ఇవ్వకుండా ఉంటానో తెలీదు. ఎదిగినవాడమ్మా, చెయ్యి వేసి లాక్కుంటే నా దగ్గర బలముందా? మళ్లీ ఆ ఆటలోకి దిగాడంటే ఈసారి పైకి రాడు."

లీదియా ఆ రోజు ఆఫీసుకు వెళ్లలేదు. వండూర్ బస్సెక్కింది.

దారంతా ఆమెకి ఆ మీటింగే కళ్లముందు ఆడింది. విభాగం పెట్టి ఏడాదైందని వండూర్ హాల్లో సభ పెట్టారు. పెద్ద ఆఫీసర్లు వచ్చారు. నయమైన మనిషి ఒకరు మాట్లాడితే బాగుంటుందని పైనుంచి మాట వచ్చింది. ఎవర్నీ అడగకూడదని లీదియాకి తెలుసు. రోగుల పేర్లు చెప్పకూడదన్న నియమం ఆమె చేత్తో గోడకి అంటించిందే. అందుకని మరిదిని అడిగింది. మన పిల్లాడే కదా అనుకుంది. పైగా అంతకు ముందే అతను ఆదివారం ప్రార్థనలో మందిరంలో లేచి, దేవుడి దయతో జూదం మానానని సాక్ష్యం చెప్పాడు. సంఘమంతా ఏడ్చింది, పెద్దలు కౌగిలించుకున్నారు, ఒక ముసలావిడ ఇంటికి పిలిచి కోడికూర పెట్టింది. మందిరంలో జరిగిందే హాల్లోనూ జరుగుతుందని లీదియా నమ్మింది.

హాల్లో చప్పట్లు కొట్టారు. మర్నాడు గోవిందు అతన్ని గల్లా దగ్గర్నుంచి లేపి లైఫ్ జాకెట్లు ఇచ్చే చోట నిలబెట్టాడు.

జెట్టీలో గోవిందు ఆమెను చూడగానే కుర్చీ తుడిచి వేశాడు.

"కూకోండి మేడమ్మా. ఎండలో వొచ్చినారు, నీళ్లు తాగండి."

"గోవిందుగారూ, మావాణ్ని మళ్లీ గల్లా దగ్గర కూర్చోబెట్టండి. తప్పు నాది."

"మీవోడు మంచోడే. నా కాడ పైసా ముట్టలేదు. కానీ ఆయాల మైకు పట్టుకుని అబద్దాలాడినాను, ఇంట్లో సామాను అమ్మేసినాను అని సెప్పీసేడా, నా పాలుదార్లందరూ ఇన్నారు. గల్లా మీద ఎవుణ్ని కూకోబెట్టినావురా అని తగువుకొచ్చీసేరు. నేనేటి సెప్పాల?"

"మానేశాడని చెప్పొచ్చు కదా. అది కూడా చెప్పాడు కదా వాడు."

"సెప్పేడు. అది మీకినబడింది. ఆళ్లకి మొదటి సగమే ఇనబడింది." గోవిందు తుండుతో మెడ తుడుచుకున్నాడు. "మా రేవులో ఎవుడైనా తప్పు సేత్తే పెద్దోళ్లు నలుగురు కూకుని తేల్సీసి, లేసినాక మరి ఆ మాట ఎత్తరమ్మా. ఎత్తినోడికే జరిమానా ఏత్తారు. మీరేమో ఊరందర్నీ కూకోబెట్టి సెప్పించీసేరు. ఇంక దాన్ని ఎవుడు కప్పుతాడు?"

లీదియా లేచింది. జెట్టీ చివర యిర్మియా చేతుల నిండా నారింజ రంగు జాకెట్లతో నిలబడి ఆమెనే చూస్తున్నాడు. అతని పక్కనున్న బోటువాడు ఏదో అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. ఆమె దగ్గరికి వెళ్లబోతే యిర్మియా వెనక్కి తిరిగి బోటులోకి దిగిపోయాడు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అతను ఇంటికొచ్చాడు. లీదియా భర్త దేవప్రసాద్ అప్పుడే హార్బర్ వర్క్‌షాపు నుంచి వచ్చి టీ తాగుతున్నాడు.

"వండూర్ ఎందుకొచ్చావ్ ఒదినా?"

"గోవిందుగారితో మాట్లాడదామని..."

"మాట్లాడావు. బాగుంది. ఇన్నాళ్లూ బోటువాళ్లు నన్ను చూసి, భయ్యా, ఇవాళ వాన పడుద్దా లేదా, పందెం కాస్తావా అని నవ్వేవాళ్లు. ఇప్పుడు మీ దీదీ నీకు పాలసీసా తేలేదా అంటున్నారు."

"బస్ కరో యిర్మియా" అన్నాడు దేవప్రసాద్. "ఒదినతో అలాగేనా మాట్లాడేది? నీకోసం ఎంత చేసింది."

"ఛోడో అన్నయ్యా, నువ్వు కలగజేసుకోకు. నేను అక్కడ నిలబడి చెమటలు కక్కుతుంటే ముందు వరసలో కూర్చుని వీడియో తీసింది నువ్వే కదా. అందరికీ పంపావు కూడా."

దేవప్రసాద్ గ్లాసు కింద పెట్టేశాడు.

"నీకు ఇష్టమేనా అని అడిగాను యిర్మియా" అంది లీదియా. "సరే అన్నావు. వద్దని ఒక్క మాట అనుంటే..."

"ఎలా అంటాను? నేను రాత్రీ పగలూ పిచ్చివాడిలా తిరుగుతున్నప్పుడు నా పక్కన కూర్చుంది నువ్వు. అమ్మ కూడా విసుక్కుంది, నువ్వు విసుక్కోలేదు. నువ్వడిగితే కాదనే నోరు నాకెక్కడిది? నేను కాదనడం కాదు ఒదినా. నువ్వు అడక్కుండా ఉండాల్సింది."

కొత్తగా పనిలో చేరిన కౌన్సెలర్లకి లీదియా చెప్పే మాటే అది. మన చేతి సాయం అందుకున్న మనిషి మనల్ని కాదనలేడు, అందుకే ఏదీ అడక్కండి అని చెప్పేది. బయటివాళ్ల విషయంలో ఎన్నడూ తప్పని మాట ఇంట్లో మనిషి దగ్గర గుర్తు రాలేదు.

"ఆఫీసర్లకి ఒక మనిషిని చూపించాలనిపించింది" అంది నెమ్మదిగా. "నయమైనవాళ్లున్నారని కళ్లతో చూస్తే విభాగం మూసెయ్యరని. అది ఒకటి. ఇంకొకటి కూడా ఉంది. మెచ్చుకుంటారని ఆశపడ్డాను."

"మెచ్చుకున్నారా?"

"మెచ్చుకున్నారు."

యిర్మియా నవ్వాడు. ఆ నవ్వు ఎవరూ చూడలేకపోయారు. తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, ఫోను తియ్యి."

మేరమ్మ కదల్లేదు. "నువ్వే చెప్పావు కదరా, కాళ్ల మీద పడ్డా ఇవ్వొద్దని."

"ఇప్పుడు ఇమ్మంటున్నాను. ఎలాగూ అందరూ నన్ను జూదగాడనే అంటున్నారు. ఆడితే ఏంటి, ఆడకపోతే ఏంటి?"

"ఆడకపోతే నా కొడుకువి నాకుంటావు" అంది మేరమ్మ. "వాళ్లు నిన్నేమన్నా నాకక్కర్లేదురా. నువ్వు తిండి తింటూ, నిద్రపోతూ నా కళ్లముందు తిరుగుతుంటే చాలు."

యిర్మియా మెట్టు మీద కూలబడి మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. లీదియా ఒక అడుగు ముందుకు వేసింది. మేరమ్మ చేత్తోనే వద్దని ఆపింది.

ఆదివారం దాకా ఇంట్లో ఎవరూ అవసరానికి మించి మాట్లాడుకోలేదు. ఎవరి దగ్గరైనా తన తప్పు ఒప్పుకుంటే గాని మనసు కుదుటపడదని లీదియాకి అనిపించింది. మందిరంలో ఒప్పుకుంటానని అత్తతో చెప్పింది. "నీ మనసు, నీ దేవుడు" అంది మేరమ్మ.

పాటలయ్యాక పాస్టరుగారు, సాక్ష్యం చెప్పేవాళ్లుంటే లేవండి అన్నారు. ఆడవాళ్ల వైపు నుంచి లీదియా లేచింది. తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. నోరు తెరిచింది. అప్పుడే మగవాళ్ల వైపు గోడవారన కూర్చున్న యిర్మియా కనిపించాడు. అతను ఆమెను చూడడం లేదు. దెబ్బ పడబోతుందని తెలిసినవాడిలా భుజాలు దగ్గరికి లాక్కుని కళ్లు మూసుకున్నాడు.

"ప్రార్థన చెయ్యండి" అంది లీదియా. "నాకోసం." అంతే చెప్పి కూర్చుంది.

పక్కనున్న ఆడవాళ్లు ఒంట్లో బాగోలేదా అని గుసగుసగా అడిగారు. ఆమె అవునని తలూపింది.

మందిరం బయట చెప్పులు వెతుక్కుంటుంటే యిర్మియా వచ్చి నిలబడ్డాడు.

"లేచావు. చెప్పలేదేం?"

"నా తప్పు చెప్పాలంటే నీ కథ మళ్లీ చెప్పాలి. నా బరువు దించుకోవడానికి దాన్ని ఇంకోసారి వాడుకోలేను. క్షమించమని కూడా అడగను యిర్మియా. అడిగితే నువ్వు కాదనలేవు."

అతను ఇసుకని కాలితో గీశాడు. "నేను మళ్లీ ఆస్పత్రికి వెళ్తే వెళ్తాను. వెళ్లకపోతే లేదు. నువ్వు కౌన్సెలర్ని అడగొద్దు. డాక్టర్ని అడగొద్దు. ఇంట్లో అమ్మని కూడా అడగొద్దు. రంగత్ నుంచి వచ్చే పరాయివాడికి ఎలాగో నాకూ అలాగే. అవుద్దా నీ వల్ల?"

ఒక్క ఫోను చేస్తే తెలిసిపోయే సంగతి. అందరి రాకపోకలూ చూసుకోవడమే ఆమె పని. అతను మళ్లీ ఆటలో పడితే ముందుగా తెలుసుకునే దారి కూడా ఉండదు.

"అవుతుంది" అంది.

"భయం వెయ్యదా?"

"వేస్తుంది. అది నేను పడాల్సిందే."

అతను మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. "పద ఒదినా. అన్నయ్య అప్పుడే ఆకలని గోల పెట్టుంటాడు" అన్నాడు.

మంగళవారం పొద్దున్నే యిర్మియా స్నానం చేసి, చద్దన్నం తిని బయల్దేరాడు. వాళ్ల ఇంటి ముందు రోడ్డుకి ఇవతల ఆగే బస్సు టౌనుకి, ఆస్పత్రి వైపు పోతుంది. అవతల ఆగేది వండూర్ వైపు పోతుంది. లీదియా వంటింట్లోనే ఉండిపోయింది. కిటికీ తలుపు దగ్గరగా వేసి ఉల్లిపాయలు ముందు పెట్టుకుంది.

"వెళ్తున్నాడే" అంది మేరమ్మ వరండాలోంచి. "ఎటు నిలబడతాడో వచ్చి చూడు."

"చూడను అత్తమ్మా. మీరు కూడా నాకు చెప్పొద్దు."

బస్సు వచ్చి ఆగిన చప్పుడైంది. ఏ వైపో గోడల మధ్య తెలియలేదు. మళ్లీ కదిలింది. దాని మోత దూరమయ్యేదాకా లీదియా కత్తిపీట మీద చెయ్యి ఆనించి కూర్చుంది.

మేరమ్మ లోపలికి వచ్చింది. ఏమీ చెప్పలేదు. కోడలి పక్కన పీట లాక్కుని కూర్చుని, ఆమె చేతిలో ఉల్లిపాయ తీసుకుని తరగడం మొదలుపెట్టింది. కాసేపటికి, ఎన్నో వారాలుగా ఆ ఇంట్లో వినపడని మందిరం పాట, సన్నగా, ఆమె గొంతులోంచి వచ్చింది.

లీదియా అత్త భుజం మీద తల పెట్టి ఏడ్చింది. మేరమ్మ పాట ఆపలేదు.