పితకని పాలు, కీళ్ల పొడి

"మా పెద్దాయనకి మోకాళ్లు పట్టేశాయండీ. ఏదైనా మంచి మందివ్వండి," అన్నాడు మొలెఫీ, తల మీది వాన నీళ్లు తుడుచుకుంటూ.

"ఇది పశువుల మందుల షాపు," అంది కౌంటర్ వెనకున్న అమ్మాయి. "పెద్దాయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లండి."

"ఆస్పత్రి గుమ్మంలో పట్టడండీ. ఆయనకి నాలుగు కాళ్లు."

ఆ అమ్మాయి పేరు కెనేవె. రాజధాని మసేరులో పశువైద్యం డిప్లొమా చేసి, కొండల్లోని సొంతూరు సెమోంకోంగ్‌కి తిరిగొచ్చి నెలే అయింది. నవ్వు ఆపుకోడానికి పెదవి కొరికింది గానీ, నవ్వు కళ్లలోంచి తప్పించుకుని నేరుగా వచ్చి మొలెఫీకి తగిలింది.

పెద్దాయనంటే అతని తాత మఖావొలా గారి గుర్రం. పేరు సెఫెఫో, అంటే గాలివాన. ఒకప్పుడు పందేల్లో పేరుకు తగ్గట్టే వీచింది. ఇరవై రెండేళ్లొచ్చేసరికి గాలి పోయి వాన మిగిలింది, అదీ కళ్లల్లో. పొద్దున్నే నాలుగడుగులు వెయ్యడం గుర్రానికి గండం. అది చూస్తూ నిలబడడం తాతకి అంతకంటే పెద్ద గండం.

కెనేవె మూడు డబ్బాలు తీసి వరసగా పెట్టింది. "ఇది గ్లూకోసమైన్. ఇది గంధకం కలిసిన పొడి. ఇది నొప్పి తగ్గించే ఎడారి దుంప."

"ఏది మంచిది?"

"డబ్బాల్ని అడిగితే ఏ డబ్బాకి ఆ డబ్బా డబ్బా కొట్టుకుంటుంది."

"పోనీ మూడూ కలిపి పెట్టేస్తే?"

"ఏది పనిచేసిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. కడుపులో పుండుంటే దుంప పడదు. మేత బాగా తింటుందా?"

"నాకంటే బాగా."

"అయితే ముందు గ్లూకోసమైన్ ఒక్కటే. ఆరు వారాలు. ఇది మంత్రం కాదు, పనిచేస్తే చేస్తుంది, లేకపోతే లేదు. రోజూ తెల్లారకముందే, కాళ్లు ఇంకా బిగిసి ఉండగానే, చదునైన చోట మెల్లగా నడిపించండి. ఎన్ని అడుగులకి కుంటు తగ్గిందో రాసుకోండి. పొడి సంగతి పొద్దు పొడిచేలోపే తెలియాలి. ప్రతి శనివారం ఆ లెక్క నాకు చూపించండి."

కీళ్ల కోసం వచ్చినవాడు కీలకమైనదేదో కౌంటర్ మీద మరిచిపోయినట్టు, మూడుసార్లు వెనక్కి చూసుకుంటూ కొండెక్కాడు.

సోమవారం నడక మొదలైంది. మొదటి రోజు మూడువందల పది అడుగులు. వారం తర్వాత మూడువందలు.

"ఈ ఏడు అంకె ఏంటి, గుర్రంకంటే ఎక్కువ కుంటుతోంది," అంది కెనేవె మొదటి శనివారం నోట్‌బుక్ చూసి.

"చీకట్లో రాశానండీ."

"ఇప్పుడు వెలుతురే కదా. నోట్‌బుక్ తలకిందులుగా ఎందుకిచ్చారు?"

మూడో శనివారానికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. నాలుగో శనివారం నూట తొంభై అడుగులకే కుంటు తగ్గిందని చూపిస్తే, కెనేవె అతని చెయ్యి పట్టుకుని ఊపేసి, పట్టుకున్నది చెయ్యి అని అప్పుడే తెలిసినట్టు వదిలేసింది.

ఇంట్లో మాత్రం మొలెఫీకి ఏమీ అర్థం కావడం లేదు.

గుర్రం, ఆవులు, దూడలు ఒకే దొడ్డిలో ఉంటాయి, ఆవులకీ దూడలకీ మధ్యలో ఒక కర్ర అడ్డం. చీకట్లో గుర్రాన్ని బయటికి తేవాలంటే ఆ కర్ర తియ్యాలి. తీస్తే దూడలు తల్లుల దగ్గరికి దూరిపోతాయి. పితకాల్సిన అతను తిరిగొచ్చేసరికి పాలన్నీ దూడల పాలు. అలా నలభై రోజులుగా ఇంట్లో మొక్కజొన్న ముద్దలోకి పులిసిన పాలు లేవు, ఆకుకూరే.

ఎవరూ తిట్టరేం? అమ్మ ఆకుకూర వడ్డిస్తూ మురిసిపోతుంది. నాన్న ఈల వేస్తాడు. రెండు కొండల అవతల నుంచి మేనమామ రంఖెలె వచ్చి, మొలెఫీని సంతలో గుర్రాన్ని చూసినట్టు చుట్టూ తిరిగి చూసి, "పళ్లు బాగానే ఉన్నాయి," అని వెళ్లాడు.

నలభై రెండో రోజు, ఆదివారం సాయంత్రం, చెల్లెలు పులేంగ్ బయటపెట్టింది. "పాపం, ఏమీ తెలీనట్టు మొహం. మామయ్య ఇవాళ, నువ్వు శనివారాలు వెళ్లే ఆ మందుల షాపు పిల్ల ఇంటికి వెళ్లొచ్చాడన్నయ్యా."

"ఎందుకే?"

"పాలు పితకడం మానేసింది నువ్వు. ఎందుకని నన్నడుగుతావా?"

మొలెఫీ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. వాళ్ల ఆచారంలో పెళ్లి కావాలని కొడుకు తండ్రితో నోటితో చెప్పడు. ఆవుల్ని పితక్కుండా వదిలేస్తాడు, తండ్రి అర్థం చేసుకుంటాడు. ఈ రోజుల్లో కుర్రాళ్లు ఫోన్‌లో చెప్పుకుంటారు గానీ, మఖావొలా గారింట్లో ఫోన్‌కంటే ఆవుకే సిగ్నల్ ఎక్కువ. గుర్రం ధ్యాసలో పడి ఆ సంగతే మరిచాడు.

సర్దుబాటు తేలికే. పొద్దున్నే పాలు పితికి చెంబు గుమ్మంలో పెడితే, అబ్బాయి మనసు మారిందని అందరూ గ్రహించి ఊరుకుంటారు. సోమవారం తెల్లారకముందే మొలెఫీ చెంబు మోకాళ్ల మధ్య పెట్టుకుని ఆవు పక్కన కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. ఆవు వెనక్కి తిరిగి రెండుసార్లు చూసింది.

షాపు తెరిచేసరికి అతను మెట్ల మీదే ఉన్నాడు.

"మీ మామయ్య చాలా గొప్పగా మాట్లాడారు," అంది కెనేవె తాళం తీస్తూ. "నా గురించీ, కన్యాశుల్కంగా మీవాళ్లిచ్చే ఆవుల గురించీ. ఎక్కడ ఆవులు అయిపోయాయో ఎక్కడ నేను మొదలయ్యానో నాకు తెలీలేదు. నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదా?"

"నేను పంపలేదు. నువ్వు చెప్పిన నడకే కొంప ముంచింది," అని దొడ్డి, కర్ర, దూడలు, అన్నీ ఏకరువు పెట్టాడు. "కుంటి గుర్రం మీద ఒట్టు, ఇది కుంటిసాకు కాదు."

ఆమె నవ్వలేదు. "అంటే పొరపాటా?"

"అవును."

"సరే. మా అమ్మకి నేను చెప్పుకుంటాను. మీ నోట్‌బుక్ అక్కడ పెట్టి వెళ్లండి."

మళ్లీ 'మీరు' వచ్చేసింది. మొలెఫీకి మతి పోయింది. మామయ్య వచ్చినందుకు కోపం, తను పంపలేదంటే అలక. వానే నయం, ఏ వైపు నుంచి కొడుతుందో తెలుస్తుంది. అయినా ఇప్పుడు నోరు విప్పకపోతే ఈ అమ్మాయి తనకి దక్కదన్న సంగతి మాత్రం తెలిసింది.

"నలభై రెండు రోజులు పొరపాటే," అన్నాడు. "ఇవాళ కాదు."

"ఇవాళేంటి?"

"ఆరు వారాలు నిన్నటితో అయిపోయాయి. నూట ఇరవై అడుగులకే కుంటు పోయింది, తాత దాని మెడ పట్టుకుని ఏడ్చాడు. ఇవాళ గుర్రాన్ని బయటికి తియ్యలేదు. చెంబు పట్టుకుని ఆవు దగ్గర కూర్చున్నాను. పితికితే అంతా సర్దుకుపోయేది. పితకలేదు. లేచెళ్లి దూడల్ని నేనే వదిలాను."

కెనేవె కౌంటర్ మీద లేని దుమ్ము తుడిచింది. ఒకసారి, రెండుసార్లు.

"తెలిసే వదిలావా?"

"తెలిసే."

"మీ మామయ్యని మళ్లీ రమ్మను. ఆవుల సంగతి తర్వాత. ముందు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి అడగమను."

"అడిగితే?"

"అవునంటాను. కానీ అది మామయ్యతోనే అంటాను. నీకింకా చెప్పలేదు, తెలిసిందా?"

మొలెఫీ తలూపాడు. ఆరు వారాల్లో అతనికి తికమక లేకుండా అర్థమైన మొదటి మాట అదే.