పాలపిట్ట ఆగిన చోటు

ఆ మధ్యాహ్నం బందరు రోడ్డు మీద కదులుతున్న బండ్లలో మెలకువగా ఉన్న మనుషులు ఇద్దరే ఇద్దరు. మిగతావాళ్ళంతా స్వయంబండ్లలో తెరలు దించుకుని హాయిగా కునుకు తీస్తున్నారు. కునుకు తీయక చేసే పనేముంది గనక! ఎక్కేటప్పుడు గమ్యం చెబితే చాలు, తక్కిందంతా దారిమేధ చూసుకుంటుంది. రోడ్ల కింద పరిచిన ఆ మహాయంత్రం ఏ బండి ఎంత వేగంతో పోవాలో, ఎక్కడ మళ్ళాలో క్షణక్షణం తేలుస్తూ ఉంటుంది. బయలుదేరాక ఆగడమంటూ లేదు. మధ్యలో వెనక్కి తిరగడం అసలే లేదు. ఒక్కరు మనసు మార్చుకుంటే వెయ్యి బండ్ల దారి చెడుతుందట. అందుకే, స్వయంబండ్లు వచ్చిన ఈ పదేళ్ళలో ఏ కోర్టు వాయిదాకీ ఎవరూ ఆలస్యం కాలేదు, ఎవరూ మానలేదు. ప్రభుత్వం ఆ మాట గొప్పగా చెప్పుకునేది కూడా.

మెలకువగా ఉన్న ఆ ఇద్దరూ నాంచారి, సోమలింగం. ఇరవై ఆరేళ్ళు కాపురం చేసి, ఏడు నెలలుగా మాటల్లేని మొగుడూ పెళ్ళాలు. నాలుగింటికి బందరు కోర్టులో విడిపోవడానికి వెళ్తున్నారు.

స్టీరింగు లింగం చేతిలో ఉంది. కారు నాంచారి పుట్టింటిది, పాతకాలపు పెట్రోలు బండి. నీలం రంగు వేసిన రోజున లింగమే దానికి పాలపిట్ట అని పేరు పెట్టాడు. పంచుకోవడానికి కుదరని ఆస్తి అదొక్కటే. దాన్ని కోర్టు గుమ్మంలోనే పాతబండ్ల ప్రదర్శనశాల వాళ్ళకి అప్పగించేటట్టు ఇద్దరూ లాయర్ల ద్వారా ఒప్పుకున్నారు. అంతవరకూ నడుపుకోవడానికి ఒక్కరోజు అనుమతి. ఆ అనుమతితో పాటు ఇచ్చిన, మాట్లాడే అనుమతిపలక ముందు అద్దానికి అతికించి ఉంది.

ఆటోనగర్‌లో ఒకప్పుడు వాళ్ళ షెడ్డంటే షెడ్డే. వైరింగు నాంచారిది, రంగులు లింగానివి. స్వయంబండ్లు వచ్చి పని పోయింది. పని లేని ఇద్దరు పనిమంతులు ఒకే ఇంట్లో పొద్దస్తమానం ఎదురెదురుగా కూర్చుంటే ఏమవుతుంది? కూర దగ్గర మొదలైన పోట్లాట పుట్టింటిదాకా పోయింది. ఒకరోజు పంతం మీద ఇద్దరూ విడాకుల దరఖాస్తు మీద వేలిముద్రలు వేసేశారు. మర్నాటి నుంచే నాంచారికి ముద్ద మింగుడు పడటం లేదు. అయినా ముందు తనెందుకు నోరు విప్పాలి? ఆయనకి లేదా నోరు!

ఉయ్యూరు దాటి చెరుకు తోటల మధ్యకి వచ్చేసరికి పాలపిట్ట రెండుసార్లు దగ్గి, గునిసి, రోడ్డు వారన ఆగిపోయింది.

"ప్రాచీన వాహనం నిలిచిపోయింది," అంది అనుమతిపలక తియ్యగా. "ఇరవై నిమిషాల్లో కదలకపోతే ఎత్తుబండి వచ్చి దీన్ని తీసుకెళ్తుంది. మీకు స్వయంబండి పంపమంటారా? మూడూ యాభైకల్లా కోర్టులో ఉంటారు."

నాంచారి గుండె గుభేలుమంది. అది ఎక్కితే ఇంకేముంది, అది ఆగదు, తిరగదు. "వద్దు!" అంది గట్టిగా. లింగం తలతిప్పి చూశాడు. ఆమె ఆ చూపు పట్టించుకోకుండా పనిముట్ల సంచీ లాక్కుని దిగిపోయింది.

డిక్కీ తెరిచి చెవి పెట్టింది. ఇంజనుకి పెట్రోలు తోడే పంపు మూలుగుతోంది గానీ ఊపు లేదు. మొదట్లో ఆ పంపు ఇంజనుకే బిగించి ఉండేది. మే నెల ఎండకి ఇంజను వేడి తోడై, పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయి బండి మొరాయించేది. అందుకని మొన్న మూడు రోజులు కూర్చుని పాత పంపు తీసేసి, కరెంటు పంపు ఒకటి వెనక ట్యాంకు పక్కన చల్లటి చోట పెట్టింది. బ్యాటరీ నుంచి లావుపాటి తీగ లాగి, ఫ్యూజు, రిలే వేసి, కరెంటు తిరిగి పోయేందుకు రెండో తీగని డిక్కీలో బోల్టు కింద బాడీకి బిగించి ఎర్త్ ఇచ్చింది.

టెస్టు లైటు పెట్టింది. కరెంటు వచ్చే తీగ భేషుగ్గా ఉంది. ఎర్త్ బోల్టు దగ్గర మాత్రం బల్బు మిణుకుమిణుకుమంది. బోల్టు విప్పి చూస్తే ఏముంది! కింద నిగనిగలాడే నీలం రంగు.

"ఇక్కడ రంగు వేసిందెవరు?" ఏడు నెలల తర్వాత అతనితో మొదటి మాట అది.

"నేనే, నిన్న," అన్నాడు లింగం.

"ఇనుము తేలేదాకా గీకి మరీ బిగించాను. మధ్యలో రంగు అడ్డుంటే ఎర్త్ ఎలా అందుతుందండీ? బోల్టు మరల్లో ఏదో కాస్త తగిలి ఇంతదూరం లాక్కొచ్చింది."

"గీకిన చోట తుప్పు పడుతుంది కదే. రేపట్నుంచి ప్రదర్శనశాల వాళ్ళు చూస్తారో, చూడరో." గొంతు సవరించుకున్నాడు. "మరి నువ్వు? నిలబెట్టి ఉంచే బండికి మూడు రోజులు వైరింగు ఎందుకు చేశావు? దేనికైనా గుద్దుకుంటే పంపు దానంతటదే ఆగిపోయే మీట కూడా పెట్టావు. చూశాన్లే."

నాంచారి తలెత్తలేదు. "ఇవాళ ఒక్కరోజైనా నడిపేది మీరు కదా."

లింగం ఆమె చేతిలోంచి ఉప్పుకాగితం తీసుకుని, తన చేత్తో వేసిన రంగుని తనే రుద్దడం మొదలుపెట్టాడు. నాంచారికి కళ్ళు మసకబారాయి. ఇనుము తెల్లగా తేలాక ఆమె తీగ పెట్టి బిగించింది. సంచీలోంచి గ్రీజు డబ్బా తీసి అతనికిచ్చింది.

"బిగించాక పైన ఇది పట్టించండి. తుప్పూ పట్టదు, ఎర్తూ పోదు."

"ఈ ముక్క ఇరవై ఆరేళ్ళలో చెప్పలేదేం?"

"మీరు అడిగితేగా!"

తాళం తిప్పగానే పంపు కమ్మగా పాడింది. ఇంజను అందుకుంది. టైము మూడూ పది. లింగం స్టీరింగు మీద చేతులు పెట్టి ముందుకే చూస్తూ కూర్చున్నాడు. "నాంచారీ... పోదామా?"

"ఎక్కడికి?"

"నువ్వు చెప్పు."

"ఇంటికి పోదామండీ," అంది ఆమె. ఆ మాట బయటికొచ్చాక గుండెల మీద రాయి దించినట్టయి, పెద్దగా ఊపిరి వదిలింది. లింగం స్టీరింగు మొత్తం తిప్పాడు. పాలపిట్ట రోడ్డుకి అడ్డంగా వెళ్ళి వెనక్కి మళ్ళుతుంటే, వరసగా వస్తున్న స్వయంబండ్లు టక్కున ఆగాయి. కుదుపుకి జనం లేచి, తెరలెత్తి, కళ్ళు నులుముకుంటూ చూశారు.

"గమ్యం మారింది," అంది పలక. "దయచేసి కారణం ఎంచుకోండి. ప్రమాదం. అనారోగ్యం. ఇంధన లోపం."

"అవేవీ కాదమ్మా. వెళ్ళబుద్ధి కాలేదు, తిరిగిపోతున్నాం," అన్నాడు లింగం.

పలక ఆ మూడు కారణాలే మళ్ళీ మొదట్నుంచి చదివింది. వాళ్ళ వెనకే ఆగి ఉన్న ఒక స్వయంబండిలోంచి ఒకమ్మాయి తల బయటపెట్టి, పోతున్న నీలం కారుని చూస్తూ, "మనం కూడా వెనక్కి తిరగొచ్చా?" అని తన బండిని అడుగుతోంది. దానికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది.