ప్రాంప్టర్ గొంతు

"మళ్ళీ మర్చిపోయావా, మహానటుడా? రాసింది నువ్వేగా!"

"రాసినవాడు వేరు, ఆడేవాడు వేరు. మాట అందించు డూలీ," అన్నాడు హరిలాల్.

గయానా నుంచి టొరంటో వచ్చి, పగలు గిడ్డంగిలో పెట్టెలు మోస్తూ రాసుకున్న నాటకం అది. అన్ని పాత్రలూ అతనే. రేవులో ఓడ ఎక్కబోతూ మనవడు నాయనమ్మతో అనే ఒక్క మాట దగ్గర మాత్రం రిహార్సల్లో ఎప్పుడూ ఆగిపోయేవాడు. మరుపు కాదు. ఆ మాట ప్రాంప్టర్ డూలారీ నోట వినాలని.

"ఉండమని ఒక్కసారి అను. ఆగిపోతాను."

ఆ మాటను ఆమె కూరగాయల ధరలు చదివినట్టు చదివేది. ప్రాంప్టర్ మాట మాత్రమే అందించాలి, భావం నటుడిది. అది రంగస్థలం కట్టుబాటు. అది తెలిసీ, ఆ చప్పిడి గొంతు విన్న ప్రతిసారీ అనుకునేవాడు: ఈమెకు నామీద ఏమీ లేదు.

ప్రదర్శనకు వారం ముందు, వాన. ఒకే దాల్‌పూరీని ఇద్దరూ తుంచుకు తింటున్నారు.

"హరీ, వాంకూవర్‌లో ఉద్యోగం వచ్చింది. రేపు చెప్పాలట."

వద్దనడానికి తనెవరు, అనుకున్నాడు హరిలాల్.

"మంచిదేగా. పార్టీ ఎప్పుడు?"

"పిసినారీ! వెళ్ళేదీ నేనే, తినిపించేదీ నేనేనా?" నవ్వింది. దాల్‌పూరీ మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు.

ఆ సాయంత్రం రిహార్సల్లో అతను అలవాటుగా ఆగాడు. "మాట."



"ఉండమని ఒక్కసారి అను," అంది డూలారీ. గొంతు వణికింది. పుస్తకం ఒళ్ళో మూసే ఉంది. "ఆగిపోతాను."

తన పాత్రను ఎవరో లాక్కున్నట్టు ఉలిక్కిపడ్డాడు. అతనిలోని నటుడే ముందు నోరు తెరిచాడు.

"భావం వద్దు డూలీ. మాట చాలు."

"సారీ." పుస్తకం తెరిచి మళ్ళీ చదివింది, చప్పగా.

మర్నాడు ఉద్యోగానికి సరేనంది, రెండు రోజుల్లో వెళ్ళిపోయింది. కొత్త ప్రాంప్టర్ మార్సియా వచ్చింది. అతను ఆగితే అదే మాట అందించింది, అదే చప్పిడి గొంతుతో. ఆ చప్పిడి గొంతు ప్రాంప్టర్లందరిదీ అని అప్పుడు తెలిసింది. వణికింది ఒక్క డూలారీదే. ఫోన్ చేశాడు. నంబరు మారిపోయింది.

తొలి ప్రదర్శన. రేవు దృశ్యంలో మనవడి మాట తడబడకుండా వచ్చింది. దానికి నాయనమ్మ బదులివ్వదు, మౌనంగా చెయ్యి ఊపుతుంది. అలాగే రాశాడు.

హరిలాల్ భుజాన శాలువా కప్పుకుని నాయనమ్మయ్యాడు. చెయ్యి లేవలేదు.

"ఉండు," అన్నాడు. "ఉండిపో."

హాలంతా ముక్కులు తుడుచుకుంటోంది. పక్క తెర వెనక మార్సియా కంగారుగా పేజీలు తిప్పుతూ ఆ మాట కోసం వెతుకుతోంది.