గడ్డి దూడ

చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి, కుట్టించి, కొట్టంలో ఆవు ముందు నిలబెట్టారు. ఆవు దాన్ని నాకుతుంది, పొదుగులోకి పాలు చేపుతుంది, పాలిస్తుంది. అది ఎదురుగా లేకపోతే చుక్క రాల్చదు. పాలు ఆగిన మర్నాడే కబేళాకి తోలేస్తానని చిన్నకోడలితో బావగారు ముందే చెప్పేశారు. ఆ ఆవుని సీసాతో పాలుపట్టి పెంచింది చిన్నకోడలే. అందుకే రెండు పూటలా గుండె చేత్తో పట్టుకుని పాలకి కూర్చునేది.

దూడ బతికుండగా దాని చెవి తోలు కింద హార్మోను బిళ్ళ పెట్టించిందీ తనే. తొందరగా ఎదుగుతుందని మందులాయన చెప్పాడు. "పుట్టింది దూడేనే తల్లీ, ఏనుగు కాదు," అని అత్త దెప్పింది కూడా. నెల తిరక్కుండానే దూడ పోయింది. తోలు ఒలిచేటప్పుడు బిళ్ళ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం ముసురు. దానికి తోడు కరెంటు పోయింది. తడి గడ్డి, పేడ, పాతబడ్డ తోలు... వాసనకి కొట్టంలో ఊపిరాడటం లేదు. అత్త లాంతరు పట్టుకుంది.

గడ్డి దూడ మెడకి పలుపు బిగుసుకుపోయి ఉంది.

"వానకి నా మోకాళ్ళే ఉబ్బుతున్నాయి, గడ్డి ఉబ్బదా?" అంది అత్త.

చిన్నకోడలు వంగి చూసింది. పొట్ట కింద కుట్లు ఎడంగా జరిగాయి. వాటి మధ్య కొత్త తోలు... దాని మీద లేత నూగు.

చెవి పట్టుకుంది. వెచ్చగా ఉంది.

"అత్తయ్యా... ఇది పెరుగుతోంది."

అత్త గొంతు తగ్గించి, "ఆ బిళ్ళ తీసెయ్యవే. ఇప్పుడే," అంది.

"తీస్తే ఆవు చేపదేమో. బావగారు..."

"పోతే ఆవే పోతుంది. తియ్యి!"

చిన్నకోడలు గూట్లోని బ్లేడుతో చెవి కోసింది. బ్లేడు జారి బొటనవేలు తెగింది. బిళ్ళ తడితడిగా గుప్పిట్లోకి జారింది. గడ్డి దూడ ఉస్సుమని... ముందుకాళ్ళ మీద కూలింది.

ఆవు దాన్ని ఒకసారి మూచూసి మొహం తిప్పేసుకుంది. అయిపోయింది, రేపు తోలేస్తారు, అనుకుంది చిన్నకోడలు.

బిళ్ళ పారేద్దామని గుప్పిట విప్పింది. లేదు. కింద వెతికింది. లేదు. బొటనవేలి గాటు... అప్పుడే మూసుకుపోయింది.

మెడ మీద వెచ్చటి ఊపిరి. గరుకు నాలుక. ఆవు ఆమెని నాకుతోంది... మెల్లగా, ఈనిన పూట దూడని నాకినట్టు. ఎవరూ ముట్టుకోని పొదుగు నుంచి పాలు ధారలు కట్టి నేల మీద పడుతున్నాయి.

"చేపింది అత్తయ్యా! చేపింది!" ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి ఆమెకి.

అత్త ఆవు వంక చూడటం లేదు. లాంతరు కోడలి ముంజేతి దగ్గరికి తెచ్చింది. గాజులు కండలోకి దిగబడి ఉన్నాయి. చూస్తుండగానే ఒకటి... టప్పున చిట్లింది.