భుజం కోయని పెళ్ళికొడుకు

నేను మాంసం తినను. పాలు తాగను. తేనె ముట్టను. కరటీనా ఊరంతా నాకు పిచ్చి అంటుంది, అననీ. జంతువుల తరఫున నాలుగు పేజీల పత్రిక రాసి, అచ్చు వేయించి, మటాటు వ్యాన్లు ఆగే చోట నిలబడి నేనే అమ్ముతాను.

ఆ వేళ వాన. గమ్‌బూట్లు వేసుకున్న అమ్మాయి ఒకతె నా పత్రిక పట్టుకుని నేరుగా నా మీదికే వచ్చింది. వేళ్ళన్నీ నీలం సిరా. పత్రిక నిండా అవే నీలం గీతలు.

“మురియుకి అంటే మీరేనా? కబేళాలో ఎప్పుడైనా కాలు పెట్టారా?”

పెట్టలేదు.

“మరి మేకల కళ్ళలోకి అక్కడెవరూ చూడరని ఎలా రాశారు? నా ఉద్యోగమే అది. కోతకు ముందు ప్రతిదాని కనురెప్పా లాగి చూస్తాను. జబ్బుదైతే వెనక్కి పంపుతాను.”

ఆమె పేరు వంగేచి. మాంసం తనిఖీ చేసే అధికారి. ఆ నీలం మాంసం మీద వేసే ముద్రది. మర్నాడు నన్ను లోపలికి తీసుకెళ్ళింది. చూశాను. బయటికొచ్చి గోడ పక్కన కక్కుకున్నాను. నీళ్ళిచ్చింది, నవ్వలేదు. తర్వాతి సంచికలో నా మొదటి వాక్యం, నేను తప్పు రాశాను. రెండోది, అయినా కోత ఆపండి.

అప్పట్నుంచి ప్రతి సంచికా ముందు ఆమె చేతికే. తన వంతు వచ్చిందని గొర్రెకి తెలుస్తుందా అని అడిగితే, చూసి చెబుతానంది. వారం చూసింది.

“తెలుస్తుందేమో. నువ్వు అడక్కపోయినా బాగుండేది.”

మీరు కాస్తా నువ్వయిందని ఇద్దరం ఒకేసారి గమనించి, వాన వైపు చూశాం.

మా గికుయు తెగలో పిల్లను అడగాలంటే ఇంకా ఈనని గొర్రెనీ, మేకనీ ఇవ్వాలి. ఇప్పుడందరూ వాటి బదులు డబ్బు కవరు చేతిలో పెడుతున్నారు. నేను నిజమైన వాటినే రెండు గంటలు నడిపించుకెళ్ళాను. వాళ్ళ నాన్న గచంజా మురిసిపోయి, వాటిని కోయనని మాటిచ్చాడు. కానీ పెళ్ళినాడు పెద్దల ముందు పొట్టేలు భుజం నేనే కోయాలన్నాడు. కీలు వెతికి పట్టుకుని, ఎముక విరగకుండా. కోయకపోతే అది పెళ్ళే కాదు.

కోయనన్నాను.

గేటు దాకా వచ్చింది వంగేచి. “నాన్నను కాదని రాలేను. నిన్ను కోయమనీ అనలేను.”

అయిదు నెలలకి, పెళ్ళికని అనుకున్న రోజున, కత్తి లేకుండా వెళ్ళాను. కోయనన్న మాటే పెద్దలందరి ఎదుటా చెప్పి వచ్చేద్దామని. పందిట్లో పొట్టేలు ఒక్కటే కట్టేసి ఉంది. మనుషులంతా దొడ్లో ఉన్నారు. నేనిచ్చిన గొర్రె ఈనలేక పడి ఉంది. పిల్ల తలా, ఒక కాలూ కనిపిస్తున్నాయి. రెండో భుజం లోపలే ఇరుక్కుపోయింది.

వంగేచి దాని తల ఒళ్ళో పెట్టుకుని, నన్ను చూసింది. “నా చెయ్యి పట్టట్లేదు. నీది రాతగాడి చెయ్యేగా, ఎండిన చిక్కుడుకాయ. రా, సబ్బు రాసుకో.”

పిల్లను మెల్లగా వెనక్కి నెట్టమంది, నెట్టాను. లోపల గుండ్రంగా ఏదో తగిలింది. అదే కీలు, అక్కణ్ణుంచి కాలు మడిచి ముందుకు తీసుకురా అంది. తెచ్చాను. పిల్ల జారి నా ఒళ్ళో పడి తుమ్మింది.

గచంజా పెద్దల వైపు తిరిగాడు. “చూశారుగా. కుర్రాడు భుజం కీలు పట్టుకున్నాడు. ఎముకా విరగలేదు. ఆ పొట్టేలు కట్టు విప్పండి.”

మరి విందో అని గొణిగాడు ఒకాయన. మొక్కజొన్న, చిక్కుళ్ళు ఉడుకుతున్నాయి, కడుపు నిండా తినమన్నాడు గచంజా.

వంగేచి గొర్రెపిల్ల కనురెప్ప లాగి చూసింది. తర్వాత అదే వేలితో నాది లాగింది. చాలాసేపు చూసింది.

“ఇతన్ని వెనక్కి పంపక్కర్లేదు, నాన్నా.”