మూడు కొట్టి ఆగిన చప్పుడు

రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ గోడకి ఆనుకుని కూర్చున్నవాళ్లు కూడా. అంత దూరం నించి వింటే ఈ కథ సగమే వినపడుతుంది. మిగతా సగం మీ వెనకాల నించి వినపడుతుంది... ఆ, నవ్వండి, ఇప్పుడే నవ్వుకోండి! ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసే వచ్చారా? అనుమానముంటే వెళ్లి చూసి రండి, ఆగుతాను. ఎవరూ లేవరేం? సరే. పైవాణ్ణి ఒక్కసారి మనసులో తలుచుకోండి. మొదలుపెడతాను.

ఇది నేను చూసింది కాదు. ఆ ఇంట్లో పనిచేసిన ప్లంబరు చెప్పగా విన్నది. అతను ఒకటికి రెండు కలిపి చెప్పే రకమే. కానీ ఈ ఒక్కటి చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించేవాడు. ఎక్కడా ఏమీ కలిపేవాడు కాదు.

ఒక పాత బిల్డింగు. మూడంతస్తులు, అంతస్తుకి రెండేసి ఇళ్లు. మూడో అంతస్తులో ఎడమ చేతి ఇంటికి చెడ్డపేరు. ఆ ఇంట్లో బట్టలు కుట్టుకుంటూ ఒంటరిగా బతికిన ఆవిడ పోయి ఎనిమిదేళ్లయింది. పోయిన సంగతి నాలుగు రోజులదాకా ఎవరికీ తెలియలేదు. అప్పట్నించి ఆ ఇంటికి తాళం. ఎదురింటివాళ్లు కూడా ఏడాది తిరక్కుండా సామాను సర్దుకుని వెళ్లిపోయారు.

ఈ మధ్య ఏమైందంటే — రాత్రి పన్నెండు దాటాక మెట్ల మీద అడుగులు. పై నించి దిగుతున్నట్టు... మెల్లగా... తలుపు తీసి చూద్దామంటే ధైర్యం చాలదు. తెల్లవారుజామున అదే ఇంట్లో కుళాయి తిప్పిన చప్పుడు. నీళ్లు పడతాయి... ఆగిపోతాయి. "ఆవిడ ఇంకా వెళ్లలేదు" అన్నారు. అంతే, డాబా మీద బట్టలారేసుకోవడం కూడా మానేశారు. పైకెళ్లి ఆ తాళం ఉందో ఊడిందో చూసిన మనిషి లేడు.

సరిగ్గా ఆ ఇంటి కింద, రెండో అంతస్తులో, హలో పిన్ని ఉండేది.

అసలు పేరేదో ఆవిడే మర్చిపోయిందేమో. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు ఆపరేటరుగా చేసింది. వాళ్లని వీళ్లతో, వీళ్లని వాళ్లతో కలపడమే పని. రిటైరయ్యాక తలుపు కొట్టినా "హలో" అనే వచ్చేది. అందుకే ఆ పేరు. ముప్పై ఏళ్లు ఊరందరి ఫోన్లూ కలిపిన మనిషికి, ఇప్పుడు వారానికో ఫోను వస్తే గొప్ప. అదీ "సారీ, రాంగ్ నంబర్" అని పెట్టేసేవాళ్లదే. "పర్లేదులెండి, బాగున్నారా?" అనేది పిన్ని. అవతలివాళ్లు అప్పటికే పెట్టేసేవాళ్లు.

ఒకరోజు రాత్రి ఎనిమిది దాటింది. పిన్ని వంటింట్లో ఒక్క కంచం కడిగి బోర్లిస్తోంది. మెడ మీద చల్లగా ఒక చుక్క పడింది. తలెత్తి చూసింది. కప్పు మీద చాపంత మేర తడి. చూస్తుండగానే చుక్క ధారైంది.

ప్లంబరుకి ఫోన్ చేసింది.

"పైపు పగిలినట్టుందమ్మా. కంగారుపడకండి. ముందు పైపు కట్టెయ్యండి" అన్నాడు.

"దేంతో కట్టను బాబూ? పాత చీర ముక్క సరిపోతుందా?"

"అయ్యో! గుడ్డతో కట్టడం కాదమ్మా! వాల్వు, వాల్వు తిప్పి కట్టెయ్యాలి!"

"నా పైపు కాదయ్యా. పై ఇంటిది. అక్కడెవరూ లేరు."

"ఎవరూ లేని ఇంట్లో కుళాయి ఎవరు తిప్పారమ్మా?"

పిన్ని తలెత్తి కప్పు వైపు చూసింది. తర్వాత గుసగుసగా, "అది... మంచి ఇల్లు కాదులే" అంది.

"దెయ్యమా? స్నానం చేసే దెయ్యమైతే పద్ధతైనదే!" అని నవ్వాడు. నవ్వి, వెంటనే గొంతు మార్చాడు. "సరదాకన్నాను గానీ, ఇది మాత్రం వినండి. నేను ఊరికి ఆ చివరున్నాను, ముప్పావుగంట పడుతుంది. ఆలోగా ఎవరైనా పైకెళ్తే, ముందు కింద మీటర్ల దగ్గర ఆ ఇంటి మెయిన్ దించాలి. కరెంటు దించకుండా ఆ నీళ్లలో కాలు పెట్టారో, నేను బాగుచెయ్యడానికి పైపు ఉంటుంది గానీ మనిషి ఉండదు. తర్వాత డాబా మీద ట్యాంకు కింద వాల్వులుంటాయి. ఏది ఎవరిదో తెలీకపోతే అన్నీ కట్టెయ్యండి. బిల్డింగు మొత్తం తిట్టుకుంటుంది, తిట్టుకోనివ్వండి."

"నేనా? పైకా? నా వల్ల కాదు."

"అయితే ధార కింద బకెట్టు పెట్టుకుని, ఇంట్లో ఆ వైపు స్విచ్చులు ఆపుకుని కూర్చోండి. వచ్చేస్తున్నా."

బకెట్టు పెట్టింది. స్విచ్చులు ఆపింది. బియ్యం డబ్బా పక్క గదిలోకి జరిపింది. కుర్చీ వేసుకుని కూర్చుంది. చీకట్లో బకెట్టు నిండుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

అప్పుడు వినపడింది.

టక్... టక్... టక్.

ఆగింది.

టక్... టక్... టక్.

నెత్తి మీద నించే. పైపు మీద ఎవరో కొడుతున్నట్టు.

అందరికీ ఆ ఇంటి గురించి తెలిసిన కథ ఒకటి. పిన్నికి తెలిసిన కథ ఇంకొకటి. ఎనిమిదేళ్ల కిందట ఒక రాత్రి ఇలాగే నెత్తి మీద మూడు దెబ్బలు. ఆగింది. మళ్లీ మూడు. కుట్టుమిషను బాగుచేసుకుంటోంది కాబోలు అనుకుంది పిన్ని. రేపు డ్యూటీ ఉంది, ఈవిడకి వేళాపాళా లేదు అని విసుక్కుంది. చెవికి దిండు అడ్డం పెట్టుకుని అటు తిరిగి పడుకుంది. నాలుగో రోజున తలుపు పగలగొట్టారు. ఆవిడ నేల మీద పడి ఉంది. చేతి పక్కన కత్తెర.

ఈ సంగతి పిన్ని ఎవరితోనూ అనలేదు. దేవుడితో అంది. ఆయన ఇంతవరకూ ఏమీ అనలేదు.

టక్... టక్... టక్.

వినకూడదనుకుంటూనే వింది. అలవాటు మరి! ముప్పై ఏళ్లు చెవులతో బతికిన మనిషి. చప్పుడు వేరు, పిలుపు వేరు అని ఆ చెవులకి తెలుసు. చప్పుడు తన మానాన తాను పోతూ ఉంటుంది. పిలుపు అలా కాదు — మధ్యలో ఆగుతుంది. ఆగి, అవతల ఎవరైనా ఎత్తుతారేమోనని వింటుంది.

ఇది ఆగి వింటోంది.

పిన్ని లేచింది. టార్చి తీసుకుంది. "స్వామీ, నువ్వు ముందు నడువు, నేను వెనక వస్తాను" అంది.

పిన్ని ఎదురింటి తలుపు గొలుసు సందులోంచి ఒక కన్ను కనపడింది.

"వినపడుతోందా పిన్నీ?" అంది లోపలి అమ్మాయి గుసగుసగా.

"వినపడుతోందమ్మా. మీ ఆయన్ని కాస్త తోడు పంపుతావా?"

"మా ఆయనా? ఆయన ఇందాకే దుప్పటి కప్పుకున్నారు. మీరూ వెళ్లకండి పిన్నీ! మీకేం పని?"

"నన్నే పిలుస్తోంది తల్లీ."

తలుపు ఠక్కున మూసుకుంది.

ముందు కిందికి దిగింది. మెట్ల కింద మీటర్ల పెట్టె. టార్చి వేసి చూసింది. ఆరు మీటర్లు. ఎనిమిదేళ్లుగా ఖాళీగా ఉన్న ఇంటి మీటరు మీద ఎర్ర దీపం... ఆరుతోంది, వెలుగుతోంది. కరెంటు కాలుతోంది!

ఖాళీ ఇంట్లో ఎవరికి కావాలి కరెంటు?

కళ్లు మూసుకుని దాని మెయిన్ దించేసింది.

మళ్లీ ఎక్కింది. ఒక అంతస్తు. రెండు. తన తలుపు దాటింది. మూడో అంతస్తు... మెట్ల మీద సన్నగా నీళ్లు దిగుతున్నాయి. ఎడమ చేతి తలుపు వైపు చూడకుండా డాబా ఎక్కేసింది. లోపల మాత్రం — టక్, టక్, టక్.

ట్యాంకు కింద ఆరు వాల్వులు. అయిదు తేలిగ్గానే తిరిగాయి. ఆరోది తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కొంగు చుట్టి పట్టుకుంది. తిరగలేదు. రెండు చేతులూ వేసి, ఒళ్లంతా వేసి... కీచుమంది. కదిలింది. ఒక చుట్టు... ఇంకో చుట్టు... బిగిసింది.

అంతే. చప్పుడు ఆగిపోయింది.

పని అయిపోయింది కదా, కిందికి వెళ్లిపోవచ్చు. ప్లంబరు చెప్పింది అక్కడికే. కానీ పిన్ని ఆ తలుపు ముందు ఆగింది. గడియకి తాళం లేదు. ఎనిమిదేళ్ల కిందట ఈ మెట్లు ఎక్కి ఉంటే...

"హలో?" అంది.

జవాబు లేదు. తలుపు తోసింది. తెరుచుకుంది.

మడమలు మునిగే నీళ్లు. చీకటి. వంటింటి వైపు టార్చి తిప్పబోయింది — తడిచేతిలోంచి జారి, నీళ్లలో పడి, ఆరిపోయింది. గోడ పట్టుకుని నడిచింది. రాయి... తడి... ఇనప పైపు... ఇంకాస్త ముందుకి —

పైపు మీద ఒక చెయ్యి ఉంది.

మంచులా ఉంది. కదల్లేదు. దాని పక్కనే ఇంకో చెయ్యి.

పిన్ని వేళ్లు ఆ మణికట్టు మీదే ఉండిపోయాయి. ఆ చల్లటి చర్మం కింద... ఏదో కొట్టుకుంటోంది. నాడి!

"ఎవరు బాబూ?"

ఊపిరి ఈలలా వచ్చింది, మాట రాలేదు. పిన్ని చేత్తో తడుముకుంటూ పైకి వెళ్లింది. భుజం. మెడ. మెడ దగ్గర తడిసిన గుడ్డ, దాని కింద గొంతులో చిన్న రంధ్రం. అర్థమైంది. ఇతనికి గొంతు లేదు. అరిచి పిలవడానికి గొంతే లేదు.

"ఇక వదిలెయ్ బాబూ. పైన కట్టేశాను. వదిలెయ్."

వదల్లేకపోయాడు. వేళ్లు బిగుసుకుపోయాయి. పిన్ని ఒక్కొక్క వేలూ పట్టి విడదీసింది. పదీ విడదీసేసరికి, పెద్ద మనిషి, ఆవిడ భుజం మీద తల పెట్టేసి చిన్నపిల్లాడిలా వణికాడు.

ప్లంబరు వచ్చేసరికి ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. అతని మీద పిన్ని దుప్పటి. ప్లంబరు ముందు అతని పాదాల మీద లైటు వేశాడు.

"ఏం చూస్తున్నావయ్యా?"

"పాదాలు ముందుకే ఉన్నాయిలెండి, పర్లేదు" అని లోపలికి వెళ్లాడు. బయటికి వచ్చినప్పుడు మాత్రం నవ్వు లేదు.

"జాయింటు ఊడిందమ్మా. దానికి ఎదురుగా గట్టు మీద కరెంటు పొయ్యి తగిలించిన బోర్డు ఉంది. ఈయన చెయ్యి తీసి ఉంటే ధార తిన్నగా దాని మీద పడేది. ఈయనేమో నీళ్లలో ఉత్త కాళ్లతో. మీరు మెయిన్ దించకపోయి ఉంటే..."

మనిషి సంగతి కాగితం మీద తెలిసింది. ప్లంబరు దగ్గర పెన్సిలు తీసుకుని రాశాడు. గొంతుకి ఆపరేషనై మాట పోయింది. పత్రికాఫీసులో అర్ధరాత్రి నించి తెల్లవారేదాకా కట్టలు కట్టే పని. ఎవరూ అద్దెకి రాని ఇల్లని ఇంటాయన తక్కువకి ఇచ్చాడు. వచ్చి నాలుగు నెలలు. పగలంతా నిద్ర.

అదీ సంగతి! అర్ధరాత్రి దిగే అడుగులు డ్యూటీకి వెళ్లే అడుగులు. తెల్లవారుజామున కుళాయి, పని నించి వచ్చినవాడు మొహం కడుక్కునే కుళాయి. నాలుగు నెలలుగా ఒక మనిషి ఆ మెట్ల మీద దిగుతూ ఎక్కుతూ ఉంటే, అందరూ కలిసి అతన్ని దెయ్యాన్ని చేశారు. ఎదురింటి అమ్మాయి మొగుడు కూడా దుప్పటి తీసి పైకొచ్చి, "నేను అప్పుడే అనుకున్నా" అన్నాడు. అందరూ నవ్వారు. గొంతు లేనివాడు కూడా నవ్వాడు.

పిన్ని అతని చేతులు తుడుస్తూ అంది, "తెలివైనవాడివి బాబూ. మూడు కొట్టి ఆగి, మూడు కొట్టి ఆగి పిలిచావు. అలా ఆగబట్టే నాకు తెలిసింది. దేంతో కొట్టావు?"

అతను ఆవిడ వైపు చూశాడు. తన అరచేతులు చూసుకున్నాడు. పైపు మర ముద్రపడి, నెత్తురు కమిలి ఉన్నాయి, రెండూ. పెన్సిలు తీసుకున్నాడు.

"నేను కొట్టలేదు. నా రెండు చేతులూ పైపు మీదే ఉన్నాయి."

అతను ఇంకో మాట రాశాడు.

"నాకూ వినపడింది. ఎవరో వస్తున్నామని చెప్తున్నారనుకున్నా. అందుకే వదల్లేదు."

"పైపులో గాలి చేరితే అప్పుడప్పుడూ కొట్టుకుంటుందిలెండి..." అన్నాడు ప్లంబరు. అని, సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు. తన ఇన్నేళ్ల పనిలో గాలి మూడు లెక్కపెట్టడం తను వినలేదని నాతో మాత్రం చెప్పాడు.

పిన్ని ఆ కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. తెరిచి ఉన్న తలుపు వైపు తిరిగి, చీకట్లోకి చేతులు జోడించింది.

ఆ చప్పుడు ఎవరిదో నేను చెప్పను. నాకు తెలీదు, తెలిసినవాడు పైనున్నాడు. మీరు మాత్రం ఒక్క పని గుర్తుపెట్టుకోండి. కరెంటు దించింది, వాల్వు కట్టింది, అవి ప్లంబరు చెప్తే చేసింది. కానీ పని అయిపోయాక కూడా కిందికి పోకుండా, ఆ తలుపు ముందు ఆగి "హలో?" అంది చూడండి — అది ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఇంటికెళ్లేటప్పుడు మీ మెట్ల మీద కూడా ఎవరూ తట్టని తలుపు ఒకటి ఉంటుంది. ఇవాళే, ఈ రాత్రే, దాని ముందు ఒక్క నిమిషం ఆగండి. తట్టండి. తట్టి... జవాబు వచ్చేదాకా వినండి.