ఆఖరి మాట ఎవరిది?

శవం కార్ పార్కింగ్‌లో ఉంది. ఆవిడ ఆఫీసు ఏడో అంతస్తులో ఉంది.

పడింది సాయంత్రం ఆరూ పదికి. ఏడు కాకముందే బిల్డింగంతా తీర్పు చెప్పేసింది. సూసైడ్!

చనిపోయినావిడ లాయర్. ఇంజనీరింగ్ చదివి, కొన్నాళ్లు ఓ నిర్మాణ కంపెనీలో కాంట్రాక్టులు చూసి, ఆ తర్వాత నల్లకోటు వేసుకుంది. పద్దెనిమిదేళ్లుగా కమర్షియల్ కేసులే. కంపెనీకీ కంపెనీకీ తగువులు. భర్తా లాయరే. కాకపోతే హత్యలూ దోపిడీలూ ఆయన సరుకు.

"మా అమ్మ నన్నొదిలేసి పోయిందంటే నమ్మను సార్," అంది కూతురు. పంతొమ్మిదేళ్ల పిల్ల. "పొద్దున్నే గది సర్దుకోలేదని తిట్టింది. చావాలనుకున్న మనిషి అలా తిడుతుందా? నిజమేంటో తేల్చండి. అది తెలియకుండా నేను బతకలేను."

ఓదార్చడం ఇన్‌స్పెక్టర్‌కి చేతకాదు. తలూపి ఆఫీసు గదిలోకి వెళ్లాడు. భర్త, ఆవిడ జూనియర్ అక్కడే ఉన్నారు.

"ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడారు?" భర్తని అడిగాడు.

"ఆరింటికి. తనే ఫోన్ చేసింది. నేను ఇంట్లో ఉన్నాను."

"ఏమన్నారు?"

"'కేసు పోయినట్టే. రేపు ముద్దాయిల ముందు తలెత్తుకోలేను. అమ్మాయి జాగ్రత్త' అంది."

"భావం అదా, మాటలే అవా?"

"మాటలే."

"కంగారులో ఒకటీ అరా మారి ఉండొచ్చేమో?"

"సాక్షుల మాటలు గుర్తుపెట్టుకునే అన్నం తింటున్నానండీ. అక్షరం పొల్లు పోలేదు. రాసుకోండి, సంతకం పెడతాను."

పెట్టాడు కూడా.

జూనియర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇన్‌స్పెక్టర్ అది చూసి అతన్ని కారిడార్‌లోకి తీసుకెళ్లాడు. తర్వాత స్టేషన్‌కి ఫోన్ చేశాడు. గంటకి జవాబొచ్చింది. అప్పుడు కూతుర్ని లోపలికి పిలిచాడు. వినడానికి అందరికంటే ఎక్కువ హక్కు ఆ పిల్లకే ఉంది.

"మీ కోర్టులో కేసు ఎదుర్కొనేవాణ్ణి ఏమంటారు?" భర్తని అడిగాడు.

"ముద్దాయి," అన్నాడు భర్త.

"మరి ఆవిడ కేసుల్లో?"

భర్త జూనియర్ వైపు చూశాడు.

"ప్రతివాది," అన్నాడు జూనియర్. "చేరిన కొత్తలో నేను ముద్దాయి అన్నాను సార్. 'ఒప్పందం తప్పినవాడల్లా నేరస్థుడు కాడు. ఇంకోసారి ఆ మాట వినబడితే మా ఆయన ఆఫీసుకి పంపించేస్తా' అన్నారు మేడమ్."

"దుఃఖంలో నేనే పొరపాటున..."

"అక్షరం పొల్లు పోలేదన్నారు. తలుపులన్నీ మీరే మూసుకున్నారు. అది ఆవిడ మాట కాదు, మీ మాట. అందుకే మీ ఫోన్ ఎక్కడుందో కనుక్కున్నాను. ఆరింటికి అది ఇంట్లో లేదు. ఈ బిల్డింగ్ పక్కనున్న సెల్ టవర్ పరిధిలో ఉంది. ఆవిడ పక్కగదిలో ఉండగా, ఆవిడ ఫోన్ నుంచి మీ ఫోన్‌కి మీరే చేసుకున్నారు. ఆ తర్వాతే కిటికీ దగ్గరికి పిలిచి తోసేశారు."

"ఎందుకు తోస్తాను?"

"ఆవిడ కేసు గుట్టు ప్రతివాదికి చేరవేసింది మీరు. రేపు జడ్జికి చెప్పేస్తానని మధ్యాహ్నం ఆవిడే ఈ జూనియర్‌తో అన్నారు. పాపం, ఇతను భయపడి, నేను కారిడార్‌లో అడిగేదాకా చెప్పలేదు."

భర్త కుర్చీలో కూలబడ్డాడు.

"బతిమాలాను. వినలేదు. నా లైసెన్సు పోతుందని తెలిసి కూడా వినలేదు," అన్నాడు.

ఆ మాటకి ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్లు మండింది. బేడీలు తీశాడు.

కూతురు ఏడవలేదు. "అమ్మ నన్నొదిలి పోలేదు. అంతేగా సార్?"

"అంతేనమ్మా."

తండ్రి ఆమె వైపు చూశాడు. "తల్లీ..." అన్నాడు.

ఆమె ఇన్‌స్పెక్టర్ వైపే చూస్తోంది.

"ఇంటి తాళాలు ఆయన జేబులో ఉన్నాయి సార్. తీసివ్వండి."